మొదట అతనికే చెప్పాలి

ధవళేశ్వరం నుంచి మాట్లాడుతున్నాను. ఈ రోజు మాట్లాడుకునే సంగతి ప్రతి సంఘానికీ కావలసిందే, కానీ ప్రతి సంఘమూ దాటవేసేదే. తోటి విశ్వాసి దారి తప్పుతుంటే ఎలా చెప్పాలి? మన తప్పు ఇంకొకరు చెబితే ఎలా వినాలి?

ఒక ఉత్తరంతో మొదలుపెడతాను. 1836 మార్చి 10న వేల్స్ తీరంలోని మిల్‌ఫర్డ్ హేవెన్ అనే రేవులో, ఇండియాకు ఓడ ఎక్కబోతూ ఒకాయన తన స్నేహితుడికి ఉత్తరం రాశాడు. రాసినాయన పేరు ఆంథొనీ నారిస్ గ్రోవ్స్. ఎగ్జిటర్ పట్టణంలో పళ్ల డాక్టరుగా మంచి రాబడి ఉన్న ప్రాక్టీసు వదులుకుని, కుటుంబంతో సహా బాగ్దాదు వెళ్లి సువార్త చెప్పినవాడు. అక్కడ 1831 నాటి ప్లేగులో భార్యను పోగొట్టుకున్నవాడు. ఆ ఉత్తరం జాన్ నెల్సన్ డార్బీకి. ఐర్లండులోనూ ఇంగ్లండులోనూ అప్పుడే కొత్తగా లేచిన సహోదర సమాజాల్లో డార్బీ గొప్ప పండితుడు, ఎదురులేని బోధకుడు.

క్రీస్తును నమ్మినవాళ్లు ఏ చర్చివాళ్లైనా సరే, ఒకే బల్ల దగ్గర కూర్చుని రొట్టె విరవవచ్చునన్న ఆనందంతో పుట్టిన సమాజాలవి. పోను పోను డార్బీ ధోరణి మారుతోందని గ్రోవ్స్‌కు అనిపించింది. మనిషిలో క్రీస్తు జీవం ఉందా అని చూడడం పోయి, మన సిద్ధాంతాన్ని ఎంతవరకు ఒప్పుకున్నాడని చూసి చేర్చుకునే రోజులు వస్తాయేమోనని భయపడ్డాడు. అదే రాశాడు. ముందు డార్బీ వల్ల తనకు కలిగిన మేలు తలచుకున్నాడు. తన ప్రేమ ఏమీ తగ్గలేదన్నాడు. ఆ తర్వాత నాన్చకుండా అసలు మాటకు వచ్చాడు. ఇదే దారిన వెళితే మీరు దేనికోసం నిలబడ్డారో జనం మరిచిపోతారు, దేన్ని కాదన్నారో అదొక్కటే గుర్తుపెట్టుకుంటారు అని హెచ్చరించాడు. సహోదరుల్లో ఉన్న మంచికి దూరం కావడం కంటే వాళ్లలో ఉన్న లోపాలన్నీ భరించడమే తనకు ఇష్టమని తేల్చి చెప్పాడు.

ఎక్కడి మిల్‌ఫర్డ్ హేవెన్, ఎక్కడి గోదావరి అనుకోకండి. ఆ ప్రయాణంలో గ్రోవ్స్ వెంట బార్న్‌స్టేపుల్ అనే పట్టణం నుంచి ఇద్దరు యువకులు భార్యలతో బయల్దేరి వచ్చారు. ఒకరు విలియం బౌడెన్, ఇంకొకరు జార్జ్ బీర్. చేతిపని చేసుకుని బతికిన మామూలు మనుషులు. మచిలీపట్నం మీదుగా నరసాపురం చేరి, తర్వాత గోదావరి డెల్టా మిషన్ అని పేరుపడిన పనికి పునాది వేసింది వాళ్లే. 1847లో ఆర్థర్ కాటన్ దొర ఇక్కడ ఆనకట్ట పని మొదలుపెట్టాక వేలమంది కూలీలు ఈ ఊరికి చేరారు. 1852లో ఆ పని పూర్తయ్యేలోగా, నరసాపురం మిషనరీలు ఆ కూలీల మధ్యకూ వచ్చి వాక్యం చెప్పారు. ఈ డెల్టాకు ఆ సువార్త మోసుకొచ్చినవాళ్లు, తోటి విశ్వాసిని ప్రేమతో మందలించడం ఎలాగో తెలిసిన పెద్దల చేతికింద పెరిగినవాళ్లు. అది మనకు దక్కిన ఆస్తి.

మరి ఆ ఉత్తరం ఫలించిందా అని మీరు అడుగుతారు. డార్బీ మారలేదు. 1845లో ప్లిమత్ సంఘం నుంచి వేరుపడ్డాడు. అక్కడి బోధకుడు బెంజమిన్ న్యూటన్ తన బోధలో పొరపాటు ఉందని 1847లో అచ్చులో ఒప్పుకుని, తాను రాసిన కరపత్రాలు వెనక్కి తీసుకున్నా, డార్బీ పక్షంవాళ్లు అది చాలదన్నారు. 1848కి ఆ గొడవ బ్రిస్టల్‌లో జార్జ్ ముల్లర్ సేవ చేస్తున్న బెతెస్ద మందిరందాకా పాకింది, సహోదర సమాజాలు రెండుగా చీలిపోయాయి. అనాథలకు అన్నం పెట్టిన ముల్లర్‌తో కూడా కలిసి బల్లలో పాలు పొందబోమన్నవాళ్లున్నారు. పన్నెండేళ్ల ముందు గ్రోవ్స్ భయపడింది సరిగ్గా అదే.

ఇక్కడ ఇంకొకరి గురించి చెప్పాలి. బౌడెన్, బీర్ వచ్చిన బార్న్‌స్టేపుల్ సంఘానికి కాపరి రాబర్ట్ చాప్‌మన్. లాయరు పని వదిలి 1832లో ఆ ఊరు వచ్చాడు. 1902లో తొంభై తొమ్మిదేళ్ల వయసులో కన్నుమూసేదాకా ఆ ఊరే ఆయనకు ఇల్లు. తనను పిలిచిన సంఘంలో కొన్ని పద్ధతులు వాక్యానికి సరిపడవని ఆయనకు తెలుసు. అయినా అధికారం చేసి మార్చలేదు, బోధిస్తూ ఓపిక పట్టాడు. చివరికి కొందరు విడిపోయి మందిరం మాదంటే, కట్టడం వాళ్లకే వదిలేసి బయటికి నడిచాడు. మందిరం స్థలం కోసం విశ్వాసులు ఒకరి మీద ఒకరు కోర్టుకెక్కడం చూసిన మనకు ఆ సంగతి విలువ వేరే చెప్పనక్కర్లేదు.

డార్బీ ప్లిమత్‌లో వేరుపడ్డాక చాప్‌మన్ ఆయన ముఖం మీదే, తొందరపడ్డావు, ఇంకా ఆగవలసింది అన్నాడు. ఆరు నెలలు ఆగానని డార్బీ జవాబు. మా ఊళ్లోనైతే ఆరేళ్లు ఆగేవాళ్లమన్నాడు చాప్‌మన్. అంత మాట పడిన డార్బీయే, తర్వాత తనవాళ్లు చాప్‌మన్‌ను తక్కువచేసి మాట్లాడితే ఒప్పుకోలేదు. పరలోక సంగతులు మనం మాట్లాడతాం, ఆయన వాటిలోనే బతుకుతున్నాడు అని వాళ్ల నోరు మూయించాడట. చాప్‌మన్ మాట డార్బీ పాటించలేదు. కానీ అన్నవాడి మీద గౌరవం మాత్రం పోలేదు. ప్రేమతో చెప్పిన మాటకు ఆ బలం ఉంటుంది.

ప్రేమతో సరిదిద్దడమంటే నాకు అర్థమైంది ఇదీ. చెప్పేవాడు విడిచిపెట్టి వెళ్లే ఉద్దేశంతో చెప్పకూడదు. రేపు కూడా ఇదే బల్ల దగ్గర ఇతని పక్కన కూర్చుంటాను అని మనసులో నిశ్చయించుకున్నవాడే చెప్పాలి. తెంచుకోవడానికి సాకు వెతుక్కునేవాడి నోట్లో వాక్యం కూడా కత్తి అవుతుంది.

పొరుగువాణ్ణి నీలాగే ప్రేమించమన్న ఆజ్ఞ మనందరికీ కంఠతా వచ్చు. అది లేవీయకాండం పంతొమ్మిదో అధ్యాయం పద్దెనిమిదో వచనంలో ఉంది. దానికి ముందు వచనం ఎంతమందిమి చూశాం? సహోదరుణ్ణి మనసులో ద్వేషించవద్దు, తప్పక అతన్ని గద్దించు, లేకపోతే అతని పాపం నీ మీదికి వస్తుంది అని అక్కడ ఉంది. ప్రేమించమన్న ఆజ్ఞకు ఆనుకునే గద్దించమన్న ఆజ్ఞ ఉంది. చెప్పకుండా మనసులో పెట్టుకుంటే అది మెల్లగా ద్వేషం అవుతుందని దేవునికి తెలుసు. అలా అని కనబడిన ప్రతి లోపమూ పట్టుకోమని కాదు. ఒకరికి కోపం ఎక్కువ, ఒకరికి మాట దురుసు, ఒకరు ఆరాధనకు ఎప్పుడూ ఆలస్యమే. ఇలాంటివి చాలావరకు భరించుకోవలసినవే. అతన్నో, ఇంకొకరినో, సంఘాన్నో పాడుచేసే దోషమైతే మాత్రం నోరు మూసుకోవడం ప్రేమ కాదు.

ఎలా చెప్పాలన్నది యేసు ప్రభువు మత్తయి పద్దెనిమిదో అధ్యాయంలో వరసగా చెప్పాడు. మొదట నువ్వొక్కడివే వెళ్లి, అతనూ నువ్వూ ఉన్నప్పుడు చెప్పు. వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకుని వెళ్లు. అప్పటికీ వినకపోతేనే సంఘానికి చెప్పు.

ఈ వరస ధవళేశ్వరం వాళ్లకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. వరదొస్తే మన బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరగానే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండోది, 17.75 అడుగులకు మూడోది. 1986 ఆగస్టులో ముప్పై అయిదు లక్షల క్యూసెక్కుల నీరు ఇక్కడ దాటిన రోజులు చూసినవాళ్లకు ఆ అంకెలు ఎందుకు పెట్టారో తెలుసు. మొదటి హెచ్చరిక వినగానే లంకల్లో వాళ్లు పశువుల్ని విప్పుతారు, ధాన్యం మెరక మీదికి చేరుస్తారు, ముసలివాళ్లను గట్టుకు పంపుతారు. ఇంకా టైముంది కనుక అవన్నీ చేయగలుగుతారు. ఏ అధికారీ 11.75 అడుగుల దగ్గర ఊరుకుని, 17.75 అడుగుల దగ్గర ఒక్కసారిగా కేక పెట్టడు. అలా చేస్తే అతన్ని మనం క్షమించం. మరి సంఘంలో మనం చేస్తున్నదేమిటి? మొదటి హెచ్చరిక ఎవరూ ఇవ్వరు. రెండోదీ ఉండదు. నాలుగేళ్లు గుసగుసలు నడుస్తాయి, ఒకనాడు జనరల్ బాడీ మీటింగులో అందరి ముందూ మూడో హెచ్చరిక పేలుతుంది. ఆ మనిషికి సర్దుకునే టైమెక్కడుంది? కొట్టుకుపోవడమే మిగులుతుంది. అతనితోపాటు అతని పెళ్లాం బిడ్డలు కూడా మందిరం మానేస్తారు.

ముఖాముఖి చెప్పడానికి ధైర్యం చాలక మనం కనిపెట్టిన అడ్డదారులు చాలా ఉన్నాయి. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో కళ్లు మూసుకుని, పేరు ఎత్తకుండా, ఫలానా ఇంటి సంగతి దేవునికి చెబుతున్నట్టు అందరికీ చెప్పడం ఒకటి. ప్రసంగ పీఠం మీంచి ఒక్క మనిషి కోసం సంఘమంతటికీ వాత పెట్టడం ఇంకొకటి. ఈ మధ్య వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే వాగ్దాన వచనం అన్నట్టు ఒక వచనం పెట్టి, అది ఎవరికి తగలాలో వాళ్లకు తగలనివ్వడం మరొకటి. చెప్పినవాడికి పని అయిపోయినట్టు ఉంటుంది. విన్నవాడికి మాత్రం జవాబు చెప్పుకునే చోటు ఉండదు. పశ్చాత్తాపపడాలన్నా ఎవరి దగ్గర పడాలో తెలియదు. ప్రార్థన దేవునితో మాట్లాడేది. దాన్ని పొరుగువాడి మీదికి రాయిలా విసరకూడదు.

సరిగ్గా చెప్పడం ఎలా ఉంటుందో ఒకటి చూశాను. పేర్లు చెప్పను. పంట ఇంటికొచ్చాక మన సంఘాల్లో కోతల పండుగ చేస్తారు కదా. వడ్ల బస్తా, గుమ్మడికాయ, నాటుకోడి, ఎవరు ఏది తెస్తే అది మందిరంలో వేలం పాట పెడతారు. ఒక సంఘంలో ఆ పాట డబ్బుకు లెక్క రాసే కుర్రవాడు నెలలు గడిచినా పుస్తకంలో ఎక్కించలేదు. గుసగుసలు మొదలయ్యాయి. అప్పుడు ఆ సంఘంలో పెద్దాయన ఒకరు దీపాల వేళ ఒంటరిగా అతని ఇంటికి వెళ్లారు. అరుగు మీద కూర్చుని, మంచినీళ్లు తాగి, నెమ్మదిగా అన్నారు.

"అబ్బాయ్, నీ మీద అనుమానంతో రాలేదు. పాట డబ్బు లెక్క ఇంకా పుస్తకంలోకి ఎక్కలేదు. వచ్చే ఆదివారం కమిటీలో ఎవరో ఒకరు అడుగుతారు. వాళ్లు అడిగేలోపు నువ్వే చెబితే బాగుంటుందని వచ్చాను."

కుర్రవాడి ముఖం మాడిపోయింది. "అంటే నేను తినేశాననేనా తాతగారూ?"

"అనుకుంటే కమిటీకే చెబుదును, నీ దగ్గరికెందుకు వస్తాను?"

కాసేపు ఇద్దరూ మాట్లాడలేదు. కుర్రవాడు లోపలికెళ్లి చీటీలున్న కవరు తెచ్చాడు. అమ్మ ఆసుపత్రి ఖర్చుకు కొంత వాడానని, మిల్లులో జీతం రాగానే వేసేద్దామనుకున్నానని చెప్పాడు. పెద్దాయన దాన్ని తేలిక చేయలేదు. "వాడడం తప్పు, అబ్బాయ్. దాచడం ఇంకా తప్పు. దానికి వంక లేదు. కానీ మీ అమ్మ ఆసుపత్రిలో ఉంటే మేమెవ్వరం వచ్చి అడగలేదు. అది మా తప్పు. రెండూ ఆదివారం చెప్పుకుందాం."

ఆ రాత్రి ఇద్దరూ కూర్చుని చీటీలు ఒక్కొక్కటే పుస్తకంలో ఎక్కించారు. ఆదివారం కుర్రవాడే లేచి ఒప్పుకున్నాడు, పెద్దాయన అతని పక్కనే కూర్చున్నారు. వాడిన డబ్బు జీతంలోంచి కట్టాలన్నారు, లెక్క రాసే పని కొన్నాళ్లు ఇంకొకరికి ఇచ్చారు. అతను ఒప్పుకున్నాడు, మందిరం మానలేదు. పెద్దాయన తప్పును తప్పనే అన్నారు, శిక్ష తప్పించలేదు. అయినా ఆ కుర్రవాడికి తలెత్తుకునే చోటు మిగిల్చారు. తోటివాణ్ణి పోగొట్టుకోవడానికి కాక, సంపాదించుకోవడానికి వెళ్లమన్నాడు ప్రభువు. పెద్దాయన ఆ మాట ప్రకారం చేశారు.

పెద్దవాళ్లు చిన్నవాళ్లకు చెప్పడం మనకు అలవాటే. చిన్నవాళ్లు పెద్దవాళ్లకు చెప్పవలసి వస్తేనే కష్టం. కాపరికి, సంఘపెద్దకు, ఎక్కువ కానుక ఇచ్చే కామందుకు ఎవరు చెబుతారు? ఆడవాళ్లు నోరు తెరిస్తే ఎంతమంది వింటారు? అపొస్తలుల కార్యాల్లో అపొల్లో అనే గొప్ప వక్తకు తెలియని సంగతి తెలియజెప్పినవాళ్లలో ప్రిస్కిల్ల అనే ఆడమనిషి ఉంది. ఆమే, భర్త అకులా కలిసి, సమాజమందిరంలో లేచి నిలబడి తప్పు పట్టలేదు. చేర్చుకుని విడిగా వివరించారు. గొప్ప పండితుడై ఉండీ, గుడారాలు కుట్టుకునే దంపతుల మాట అపొల్లో విన్నాడు.

మన తెలుగు సంఘాల చరిత్రలోనూ అలాంటి గొంతు ఉంది. 1910లో ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. వచ్చినవాళ్లలో దాదాపు అందరూ తెల్లవాళ్లే. దోర్నకల్‌లో సేవ చేస్తున్న వేదనాయకం శామ్యూల్ అజరయ్య అక్కడ నిలబడి మాట్లాడారు. మిషనరీలు చేసిన త్యాగాలకు ముందు కృతజ్ఞత చెప్పారు. ఆస్తులిచ్చారు, ప్రాణాలూ ఇచ్చారు, ఇంకా ఒకటి బాకీ ఉంది, మాకు స్నేహితుల్ని ఇవ్వండి అన్నారు. దొరలు దేశీయ సేవకుల్ని సమానులుగా చూడడం లేదన్న నిజాన్ని, సహోదరుడిగా, వాళ్ల ముఖం మీదే చెప్పారు. కొందరికి అది రుచించలేదు. అయినా అజరయ్య వాళ్లకు దూరం జరగలేదు, కలిసే పనిచేశారు. 1912 డిసెంబరు 29న ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయి, దోర్నకల్ అధ్యక్షుడిగా పల్లెపల్లెకూ తిరిగారు. గౌరవం తగ్గకుండా నిజం చెప్పడానికీ, నిజం చెప్పి కలిసి ఉండడానికీ ఆయన కంటే మంచి ఉదాహరణ తెలుగు క్రైస్తవులకు దొరకదు.

ఇక వినడం సంగతి. చెప్పడం కంటే ఇదే కష్టం. అంతియొకయలో పేతురు, యూదులు వచ్చేసరికి అన్యజనులతో కలిసి భోంచేయడం మానేస్తే, పౌలు అందరి ఎదుటే నిలదీశాడు. అందరి ముందూ జరిగిన తప్పు, అందర్నీ పక్కదారి పట్టించిన తప్పు గనుక అందరి ముందే చెప్పాడు. పేతురు పేరులో పెద్దవాడు. ప్రభువుతో కలిసి తిరిగినవాడు. అంత మాట పడ్డాడు గదా, పగ పెట్టుకున్నాడా? తన రెండో పత్రిక చివర పౌలును ప్రియమైన సహోదరుడని పిలిచాడు. అతనికి దేవుడిచ్చిన జ్ఞానాన్ని మెచ్చుకున్నాడు. తనను గద్దించినవాణ్ణి పదిమందిలో ప్రేమగా తలచుకోగలిగిన మనిషి ఆయన.

మనకైతే ఎవరైనా ఏదైనా చెప్పగానే నాలుక మీదికి వచ్చే మాట ఒకటి ఉంది. చెప్పడానికి నువ్వెవరు? నీ ఇల్లు చక్కగా ఉందా? చెప్పినవాడి ఇంట్లో లోపం ఉండొచ్చు. అయినా చెప్పింది నిజమైతే నిజమే. ముందు మాట పూర్తిగా విందాం. ఒక పూట ఆగి జవాబిద్దాం. పదిట్లో ఒకపాలే నిజమైనా ఆ ఒక్క పాలూ దిద్దుకుందాం. వచ్చి చెప్పినందుకు కృతజ్ఞత చెబుదాం. ఆ మనిషి ఎంతసేపు ప్రార్థించి, ఎన్నిసార్లు వెనక్కి తగ్గి, మన గుమ్మం ఎక్కాడో మనకు తెలియదు. అలాగే, తప్పు ఒప్పుకున్నవాణ్ణి నమ్మడం కూడా సంఘం నేర్చుకోవాలి. న్యూటన్ ఒప్పుకున్నా చాలదన్నందుకు ఆ సమాజాలు చెల్లించిన మూల్యం చూశాం కదా.

ఒక హెచ్చరిక తప్పకుండా చెప్పాలి. ఒంటరిగా వెళ్లి చెప్పమన్న వాక్యాన్ని నేరాన్ని కప్పిపుచ్చడానికి వాడకూడదు. పసిపిల్లల మీద, ఆడవాళ్ల మీద దౌర్జన్యం జరిగితే, బాధపడినవాళ్లను వెళ్లి దోషితో ఒంటరిగా మాట్లాడుకోమనడం క్రీస్తు బోధ కాదు, క్రూరత్వం. అక్కడ పోలీసులకు చెప్పాలి. పిల్లల విషయమైతే 1098కి ఫోన్ చేయాలి. చేసినవాడు కాపరైనా సరే, సంఘం పరువు పేరు చెప్పి ఆపకూడదు. సంఘం బలహీనుల పక్కన నిలబడాలి.

శ్రోతలారా, ఇది వింటుండగా మీలో చాలామందికి ఒక ముఖం మనసులోకి వచ్చి ఉంటుంది. అతని సంగతి ఇప్పటికే నలుగురితో చెప్పి ఉంటారు, అతనికి తప్ప. ఆదివారం లోపు అతని ఇంటికి వెళ్లండి. వెళ్లేముందు రెండు ప్రశ్నలు వేసుకోండి. ఇతని మేలు కోరి వెళ్తున్నానా? ఇతను వినకపోయినా ఇతన్ని విడిచిపెట్టకుండా ఉండగలనా? రెండింటికీ అవునని చెప్పగలిగితే వెళ్లి, చూసింది చూసినట్టు, విన్నది అడిగి తెలుసుకుంటున్నట్టు, మెత్తగా చెప్పండి. అతను చెప్పేదీ పూర్తిగా వినండి. తిరిగొచ్చాక ఆ మాట మూడో మనిషి చెవిన వేయకండి. మొదటి ప్రశ్నకైనా రెండోదానికైనా కాదని జవాబు వస్తే, ఇంకా వెళ్లకండి. అవునని అనగలిగేదాకా ముందు అతని కోసం ప్రార్థించండి.

అలాగే ఈ వారం ఎవరైనా మీ గుమ్మం ఎక్కి, ఒక మాట చెప్పాలండీ అంటే, లోపలికి పిలిచి కూర్చోబెట్టండి.